సోమవారం పేలిన చుక్క

ఎర్రగుట్ట కొట్టాల, జమ్మలమడుగు తాలూకా
18 జనవరి 1987

బామ్మర్ది గంగులయ్యకు,

నేనూ మీ అక్క తిరుపాలమ్మా బాగున్నాము. ఈ ఉత్తరం మన ఇంట్లో కూర్చుని రాయడం లేదు. పెద్దాయన వసారాలో, ఆయన ఇచ్చిన పెన్నుతో, ఆయన కుర్చీ పక్కన బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. అందుకే అక్షరాలు ఇంత ఒద్దికగా ఉన్నాయి.

నీవు కోలారు బంగారు గనిలో పని చేస్తున్నావని పెద్దాయనకు ఎవరో చెప్పినారు. గనిలో మందు ఉంటుంది కదా అని అడుగుతున్నాడు. ఉంటుందేమో అన్నాను. మన గొర్రెలు కూడా ఈ మధ్య మేత సరిగా తినడం లేదు. దవడల కింద నీరు దిగుతోంది. కాబట్టి నీవు మందు పంపవలెను. ఎంత దొరికితే అంత. బస్సులో ఎవరి కంటా పడకుండా, తడి తగలకుండా తేవలెనని పెద్దాయన రాయమంటున్నాడు.

ఎండాకాలంలో సొసైటీ ఎలక్షన్లు ఉన్నాయి. మన ఊర్లో పార్టీ అంటే జెండా కాదు, మనుషులు అని నీకు తెలుసు. ఈ వీధి ఆడవాళ్లు ఆ వీధి బోరింగుకు నీళ్లకు పోవడం మానుకున్నారు.

మీ అక్క నిన్ను వేళకు తినమంటోంది.

బాలన్న

కె.జి.ఎఫ్.
30 జనవరి 1987

బావా,

నీ ఉత్తరం చదివి ఒకటికి రెండుసార్లు సంతకం చూసుకున్నాను. జన్మలో నన్ను "నీవు" అన్నవాడివి కాదు. పెద్దాయన పెన్ను పట్టుకుంటే భాష కూడా మారుతుందేమో.

దవడ కింద నీరు దిగుతోందంటే కడుపులో నట్టలు పడ్డాయన్నమాట. ఇక్కడి పశువుల డాక్టరును కలిసి అడిగాను. ఆయన నట్టల మందు రాసిచ్చాడు. సీసాలు గడ్డిలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, మదనపల్లె బస్సులో పంపుతున్నాను. అక్కడి నుంచి ప్రొద్దుటూరుకు వచ్చే ఏర్పాటు చేశాను. పరగడుపున తాగించు. చూడి గొర్రెలకు మాత్రం ఇప్పుడు వద్దు. ఎవరి కంటా పడకుండా అని ఎందుకు రాశావో నాకు అర్థం కాలేదు. ఊర్లో గొర్రెల మందు కూడా దాచుకుని తాగించాల్సినంత పార్టీలు వచ్చాయా.

నేను గనిలోనే ఉన్నా బంగారం పని కాదని పెద్దాయనకు చెప్పు. పొద్దున్నే అందరితోపాటు ఇనప బోనులో దిగుతాను. కిందకు పోయేకొద్దీ చెవులు దిబ్బెళ్లు పడతాయి, ఒళ్లంతా చెమట. పనివాళ్లు గనిలోకి పోతారు, మేము మా గదిలోకి పోతాం. అక్కడ ఇనప గొట్టాలు వరసలు వరసలుగా, కప్పు దాకా పేర్చి ఉంటాయి. ఆకాశం నుంచి కంటికి కనబడని రేణువులు ఎప్పుడూ వాన పడ్డట్టు పడుతుంటాయి బావా. నేల మీద ఆ సందడిలో ఏమీ వినబడదు. ఇంత రాయి కిందకు పోతే సందడి అణిగిపోతుంది. రాయి కూడా ఆపలేని రేణువులు కొన్ని ఉన్నాయి, వాటి పేరు న్యూట్రినోలు. అవి మన గొట్టాలను తాకితే ఒక గీతలాగా తెలుస్తుంది. ఆ గీత కోసం కాపలా కాయడమే నా ఉద్యోగం. నువ్వు మందకు కాపలా, నేను దీనికి.

అక్కకు చెప్పు, వేళకే తింటున్నాను.

గంగులయ్య

ఎర్రగుట్ట కొట్టాల
15 ఫిబ్రవరి 1987

గంగులూ,

ఇది మన ఇంట్లో కూర్చుని రాస్తున్నాను, కాబట్టి నువ్వు అనే అంటాను.

మందు బాగా పనిచేసింది. నీరు దిగిన గొర్రెలు తేరుకున్నాయి, పొట్టేళ్లు కొమ్ములు కలుపుతున్నాయి. పెట్టె మాత్రం మొదట పెద్దాయన దగ్గరకే పోయింది. ఆయన తలుపు వేయించి, తనే తాడు కోసి, సీసా పైకి తీసినాడు. దాని మీద గొర్రె బొమ్మ ఉంది. సీసాను వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ తిప్పినాడు.

"ఏంది బాలన్నా ఇది?" అన్నాడు.

"మందప్పా. మీరు రాయమంటేనే గదా రాసినాను" అన్నాను.

ఆయన అడిగిన మందు ఇది కాదంట. ఆ సంగతి నువ్వు పట్టించుకోవద్దు. మీ అక్క ఇంటికొచ్చినాక నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది, తర్వాత ఉన్నట్టుండి నవ్వడం ఆపేసింది.

నీ గొట్టాల సంగతి ఆమెకు చదివి వినిపించినాను. రాయి కూడా ఆపలేనిది ఇనుములో ఎట్లా తగులుతుంది అని అడుగుతోంది. నాకు తెలియదు. నువ్వే రాయి.

బాలన్న

కె.జి.ఎఫ్.
10 మార్చి 1987

బావా,

నిద్ర లేక కళ్లు మండుతున్నాయి, అయినా నీకు రాయకుండా ఉండలేను. ఒక నక్షత్రం పేలింది.

దక్షిణాన, మన నక్షత్ర మండలం పక్కనే ఉన్న చిన్న మండలంలో. వెలుతురు అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి లక్షా అరవై వేల ఏళ్లకు పైగా పడుతుంది. అంటే అది ఎప్పుడో చచ్చిపోయింది, కబురు ఇప్పుడు అందింది. పెద్ద నక్షత్రం చచ్చిపోయేటప్పుడు దాని కడుపు లోపలికి కూలుతుంది. ఆ కూలడంలో పుట్టిన శక్తి దాదాపు అంతా న్యూట్రినోల రూపంలోనే బయటపడుతుందని పుస్తకాల్లో రాసి ఉండేది. ఎవరూ చూసింది లేదు. వెలుతురు కంటే ముందే అవి వచ్చేశాయి. ఫిబ్రవరి ఇరవైమూడు, సోమవారం, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక. ఆ వేళకు నువ్వు వంక గట్టున ఉండి ఉంటావు, అక్క సద్ది తెస్తూ ఉంటుంది. మీ ఇద్దరిలోంచి, మందలో ప్రతి జీవంలోంచి అవి లెక్కలేనన్ని దూసుకుపోయాయి. అవి పైనుంచి రాలేదు, భూమిని అడ్డంగా దాటి కాళ్ల కింది నుంచి వచ్చాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరికీ తెలియలేదు.

జపాన్ వాళ్లకు తెలిసింది. వాళ్లకు ఒక పాత గనిలో, కొండ కింద, పెద్ద నీళ్ల తొట్టి ఉంది. మూడువేల టన్నుల నీళ్లు, చుట్టూ గాజు కళ్లు. ఒక్క క్షణం మెరిసి ఆరిపోయే వెలుగును అవి పట్టుకుంటాయి. పదకొండు పట్టుకున్నారు. మా ప్రొఫెసర్‌కు కబురు తెలిసిన రోజు నుంచి మేం టేపులన్నీ తిరగేస్తున్నాం. మా దాంట్లో ఏమీ లేదు. అక్క అడిగింది సరైన ప్రశ్నే. కోట్లలో ఒకటి ఎక్కడో తగులుతుంది. కానీ ఈ నక్షత్రం నుంచి వచ్చినవాటి దెబ్బ మెత్తనిది, మా ఇనుములోనే అణిగిపోతుంది. గీత పడదు. మా గొట్టాలు పెట్టింది వేరే పనికి. తప్పు ఎవరిదీ కాదు. అయినా నేను ఆ సోమవారం కిందనే ఉన్నాను బావా. నాలోంచి పోయాయి, నా యంత్రంలోంచి పోయాయి, నేను గడియారం చూసుకుంటూ కూర్చున్నాను.

ఒప్పుకోవాలి, జపాన్ సరుకు మన సరుకు కంటే మేలు. పేలాల్సింది పేలింది. ఇక మనం చేయగలిగింది వచ్చేదానికి సిద్ధంగా ఉండడమే. మా యంత్రాన్ని సున్నితం చేసే పనిలో పడ్డాం.

పెద్దాయనకు ఏ జబ్బుకు మందు కావాలో రాయి. డాక్టరును అడిగి పంపుతాను.

గంగులయ్య

ఎర్రగుట్ట కొట్టాల
17 మార్చి 1987

గంగులూ,

తొందరగా రాస్తున్నాను. నీ చుక్కను చూసినాము. పొద్దు గూకినాక నేనూ మీ అక్కా గుట్ట ఎక్కి దక్షిణం దిక్కు చూసినాము. తెల్లగా, పెద్దగా మెరుస్తోంది. అంత దూరాన చచ్చిపోయి కూడా ఎంత వెలుగో అని మీ అక్క చెంపలు వేసుకుంది.

ఇంకొక సంగతి. టపా సంచి పెద్దాయన వసారాలోనే దిగుతుంది కదా. నీ ఉత్తరం కూడా అక్కడే దిగింది. చదువు అన్నారు, పదిమంది ముందు చదివినాను. దాచేది ఏముంది, చుక్కల సంగతే కదా అనుకున్నాను. నేను చదవడం అయిపోయినాక ఎవరూ నవ్వలేదు. పెద్దాయన పక్కన ఎప్పుడూ ఉండే తెల్లచొక్కా వాడు అందుకున్నాడు.

"పేలింది అంటాండాడు. సోమవారం అంటాండాడు. జపాన్ సరుకు అంటాండాడు. వచ్చేదానికి సిద్ధంగా ఉండమంటాండాడు. ఇంకేం కావాలప్పా?"

నేను చెప్పినాను, అది నిజంగా చుక్కేనప్పా అని. "మాకు తెలీదా బాలన్నా, చుక్కేలే" అని నా భుజం తట్టినారు. ఆ తట్టడం నాకు నచ్చలేదు. నీ దగ్గరికి ఎవరైనా వస్తే నాకు తెలియదని చెప్పు. ఏం అడిగినా లేదని చెప్పు.

బాలన్న

కె.జి.ఎఫ్.
18 మార్చి 1987

బావకు,

నిన్న సాయంత్రం పెద్దాయన జీపు మా క్వార్టరు ముందు ఆగింది. ఇద్దరు దిగారు. ఒకడు తెల్లచొక్కా. రెండోవాడు డ్రైవర్ నూర్ అహ్మద్, నాకు చిన్నప్పటి నుంచి ముఖపరిచయమే. ఊరివాళ్లు వచ్చారని సంతోషంతో అన్నం వండాను. తిన్నాక తెల్లచొక్కా అడిగాడు, "సరుకు యాడుంది?"

నేను నక్షత్రం గురించి చెప్పడం మొదలుపెట్టాను. అతను ఓపిగ్గానే విన్నాడు. నూర్ అహ్మద్ అయితే నిజంగానే విన్నాడు, మధ్యలో ఒకటి రెండు ప్రశ్నలు కూడా అడిగాడు. చివరికి తెల్లచొక్కా, "కథ బాగుండాది. గనిలో రాళ్లు పగలగొట్టే మందు కావాల. మీ బావ జనవరిలోనే రాసినాడు గదా" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు నీ మందు ఏ మందో. రాయలసీమలో పుట్టి, నాటుబాంబు చప్పుళ్లు వింటూ పెరిగి, నాకు తట్టనే లేదు. ఎందుకు తడుతుంది. రాసింది నువ్వు కదా.

నా దగ్గర లేదు, ఉన్నా ఇవ్వను అన్నాను. అతను లేచి చేతులు కడుక్కుంటూ, "ఆలోచించుకో. నీ అక్క మా ఊర్లో ఉంది గదా" అన్నాడు. నూర్ అహ్మద్ జీపు ఎక్కబోతూ వెనక్కొచ్చి, "అక్కను యాడికన్నా పంపమని మీ బావకు రాయప్పా" అని మెల్లగా చెప్పి పోయాడు. వాళ్ల డ్రైవరుకు ఉన్న పాటి దయ నీకు లేకపోయింది బావా.

మనుషులను చంపే సరుకు నా చేత మోయించాలనుకున్నావా. అమ్మ పోయాక నన్ను భుజాన వేసుకుని ప్రొద్దుటూరు కాలేజీ దాకా చదివించింది నువ్వే. అందుకే అడిగే హక్కు ఉందనుకున్నావేమో.

అక్కను జాగ్రత్తగా చూసుకో. నాకు ఇంకేమీ రాయొద్దు.

గంగులయ్య

ఎర్రగుట్ట కొట్టాల
25 మార్చి 1987

గంగులూ,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. ఈ ఉత్తరం మన ఊరి టపాలో వేయడం లేదు, జమ్మలమడుగు దాకా నడిచి పోయి అక్కడి డబ్బాలో వేస్తాను. నీ ఉత్తరం వసారాకు పోకముందే దారిలోనే టపా మనిషి దగ్గర తీసుకున్నాను, ఇకమీదట జమ్మలమడుగు పోస్టాఫీసుకే రాయి, నేను పోయి తెచ్చుకుంటాను.

జనవరిలో పెద్దాయన పిలిపించి, నీ బామ్మర్దిని గని మందు తెమ్మని రాయి అన్నాడు. వాడు మందు కాడ పని చెయ్యడప్పా, యంత్రాల కాడ చేస్తాండాడు అన్నాను. రాయి అన్నాడు. చుట్టూ ఆయన మనుషులు. నేను రాయను అని లేచి వస్తే ఆ పూటతో మాకూ ఊరికీ చెల్లు. పెన్ను చేతిలో పెట్టుకుని ఆలోచించినాను. మందు అని ఒక్క మాట రాసి, దాని పక్కన గొర్రెలను నిలబెట్టినాను. నిన్ను నీవు అన్నాను. దవడ కింద నీరు అని రాసినాను. వీడు పుస్తకాల మనిషి, గొర్రెల మందే పంపుతాడు అని నాకు నమ్మకం. పంపినావు. నీకు అర్థం కాకూడదనే అట్లా రాసినాను గంగులూ. సీసా మీద గొర్రె బొమ్మ చూసి పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పుతున్నప్పుడు నా గుండె ఎంత నిబ్బరపడిందో చెప్పలేను.

చుక్క పేలుతుందని నాకేం తెలుసు.

జీపు పంపిన సంగతి నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియదు. చదివి మీ అక్క అన్నం గిన్నె అట్లాగే పెట్టేసి నిలబడింది. "వాడు చుక్కల లెక్క చూసుకుంటాండాడు. వీళ్ల కక్షల లెక్క వానికెందుకు?" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ముందే వానికి ఇప్పి చెప్పింటే పోయేది గదా" అంది. ఆమె చెప్పింది నిజమే. తెలివిగా చేసినాను అనుకున్నాను, నీకు మాత్రం చెప్పకుండా చేసినాను.

నిన్ను చదివించింది ఒకనాడు నాకు పనికొస్తావని కాదు. గొర్రెల కాడ కూర్చుని పాత పేపరు ముక్కలు చదివేవాడివి, అది చూసి.

బాలన్న

కె.జి.ఎఫ్.
2 ఏప్రిల్ 1987

బావా,

నీ రెండు ఉత్తరాలూ వెనకాముందుగా అందాయి. పదిహేడున రాసింది నేను కోపంతో రాసిన మర్నాడు వచ్చింది. ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే ఆ మాటలు రాసేవాడిని కాదు. ఇప్పుడు చించేద్దామన్నా ఆ కాయితం నీ దగ్గర ఉంది. చించెయ్యి.

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. జీపు నంబరు గేటు దగ్గర ఎవరో చూశారు. కడప జిల్లా ఫ్యాక్షన్ ఊర్ల నుంచి మనుషులు వచ్చి, గనిలో దిగేవాడి ఇంట్లో భోంచేసి పోయారంటే వాళ్లు మాత్రం ఏమనుకుంటారు. సెక్యూరిటీ వాళ్లు పిలిచి అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. విచారణ అయ్యేదాకా కిందకు దిగే పాసు తీసుకున్నారు. వాళ్ల పని వాళ్లు చేశారు, నాకు కోపం లేదు. కానీ యంత్రాన్ని సున్నితం చేసే పని మొదలుపెట్టింది నేను. మిగతావాళ్లు పొద్దున్నే బోను ఎక్కుతుంటే నేను పైన గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను. మా ప్రొఫెసర్ నా తరఫున మాట్లాడారు. "మందు తెమ్మన్నవాడి పేరు చెప్పే సాక్షి ఎవరైనా ఉన్నారా?" అన్నారట వాళ్లు. ఎవరుంటారు. నువ్వు మాత్రం రాకు. నీ మీద ఒట్టు, ఆ ఊర్లో ఉంటూ ఆ పేరు చెప్పినవాడు బతకడు.

మరో సంగతి, ఇది అక్కకు మెల్లగా చెప్పు. మీరు గుట్ట మీద నుంచి చూసింది పేలిన చుక్క కాదు, అగస్త్య నక్షత్రం. మనది దానికంటే చాలా మసక, మన ఊరికి దాదాపు నేలకు ఆనుకుని ఉంటుంది. చెంపలు వేసుకున్నది వృథా కాలేదులే, అగస్త్యుడు కూడా పెద్దవాడే.

గంగులయ్య

ముద్దనూరు
7 ఏప్రిల్ 1987

గంగులూ, శుక్రవారం పొద్దుటి బస్సుకు దిగుతాను. నువ్వు రావద్దన్నది చదివినాను. — బాలన్న

కె.జి.ఎఫ్.
16 ఏప్రిల్ 1987

బావకు, కేరాఫ్ సిద్దమ్మవ్వ, వేంపల్లె,

నువ్వు బస్సు ఎక్కాక చాలాసేపు అక్కడే నిలబడ్డాను. అక్కనూ మందనూ ముందే పెన్న దాటించి, ముద్దనూరు మీదుగా వేంపల్లె దారి పట్టించి వచ్చావని బస్సు కదిలేటప్పుడు కదా చెప్పావు. అప్పటిదాకా నువ్వు తిరిగి ఊరికే పోతున్నావని నేను లోపల చస్తున్నాను.

సెక్యూరిటీ ఆఫీసులో నేను గుమ్మం బయట ఉన్నాను, కానీ తలుపు తెరిచే ఉంది. ఆ ఆఫీసరు మంచివాడే. తెలుగు వచ్చీరాకుండా అడిగాడు, పేరు చెబితే రాసుకోవాల్సి వస్తుంది, రాసుకుంటే మీ జిల్లా పోలీసులకు పోతుంది, తర్వాత నువ్వు మీ ఊరికి పోగలవా అని. నువ్వు తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకున్నావు.

"పోలేను. రాసుకోండి సారూ" అన్నావు.

నేను ఈ గనిలో చాలా చప్పుళ్లు విన్నాను బావా. రాయి తనంతట తాను పగిలే చప్పుడు కూడా విన్నాను. నీ ఆ మాట మెల్లగానే అన్నావు, ఆ చప్పుళ్లన్నిటినీ మించి వినబడింది.

పాసు నిన్న ఇచ్చేశారు. ఇవాళ కిందకు దిగాను. బోనులో పనివాళ్లు జరిగి చోటిచ్చారు.

బస్టాండులో టీ తాగుతూ ఒకటి అడిగావు. పేలింది ఒక్కటే చుక్క, అది అయిపోయింది, ఇంక దేనికోసం కూర్చుంటావు అని. అప్పుడు బస్సు వచ్చేసింది. ఇప్పుడు చెబుతున్నాను. ఇది మనకు పక్కింటి చుక్క, కాబట్టి పదకొండైనా చిక్కాయి. ఇంతకంటే ఎంతో దూరాన, లెక్కకు అందనన్ని నక్షత్ర మండలాలు ఉన్నాయి. ఎక్కడో ఒకచోట ఎప్పుడూ ఒక నక్షత్రం పేలుతూనే ఉంటుంది. లోకం పుట్టాక చచ్చిపోయిన పెద్ద నక్షత్రాలన్నీ పంపిన న్యూట్రినోలు కలిసి, సన్నటి తుంపర లాగా, ఎడతెగకుండా అన్ని దిక్కుల నుంచీ వస్తున్నాయి. అది వస్తోందని లెక్కలు చెబుతున్నాయి. ఎవరూ పట్టుకోలేదు. దానికి జపాన్ తొట్టి కూడా చాలదు, అలాంటివి ఎన్నో కలిపినంత తొట్టి కావాలి, ఏళ్ల తరబడి కాచుకుని కూర్చోవాలి. వేరే మెరుపులన్నీ ఏరి పారేసి, మిగిలిన ఒకటీ అరా అదే అని తేల్చాలి. మా ప్రొఫెసర్ అలాంటి తొట్టికి లెక్కలు వేస్తున్నారు. "నా జన్మలో కాదు, నీ జన్మలో కూడా అనుమానమే" అన్నారు. ఆ లెక్కల్లోకి నన్ను రమ్మన్నారు, దానికోసం బొంబాయి పోవాలి. ఇంకా ఏమీ చెప్పలేదు. నీకు ఊరు లేకుండా చేసి నేను ఇంకా దూరం పోనా.

అక్క కాళ్లు బొబ్బలెక్కి ఉంటాయి. వేడినీళ్లు పెట్టు.

గంగులయ్య

వేంపల్లె
21 జూన్ 1987

గంగులూ,

ఆలస్యమైంది, ఊరి కబురు పూర్తిగా తెలిసేదాకా రాయకూడదనుకున్నాను. ముందు మీ అక్క మాట. "బొంబాయి పొమ్మను, పోకపోతే నేనే కోలారుకు వచ్చి బస్సు ఎక్కిస్తానను" అంటోంది. నాదీ అదే మాట. ఊరు లేకుండా చేసినాను అని రాసినావు. గొర్రెలు కాసేవాళ్లకు ఊరేమి, మేత ఉన్నదే ఊరు. మాకు చోటిచ్చిన సిద్దమ్మవ్వ పెరట్లోనే దొడ్డి కట్టుకున్నాము. ఇక్కడి రైతులు పొలంలో మంద నిలపమని పిలుస్తున్నారు, ఎరువు పడుతుంది కదా, ధాన్యం కొలుస్తున్నారు. మొదటి వాన పడింది. అందుకని ఊరు గుర్తుకు రాదని కాదు. వంక గట్టు గుర్తుకొస్తుంది. కానీ నీ మీద పెట్టి ఆలోచించలేదు, నువ్వూ పెట్టుకోవద్దు.

ఇప్పుడు ఊరి సంగతి. పెద్దాయనకు సరుకు వేరేచోట దొరికింది. గడ్డివామిలో దాచినారంట. మే నెల మొదట్లో, పట్టపగలు, జీపులోకి ఎక్కించేటప్పుడు పేలింది. తెల్లచొక్కా వాడు అక్కడికక్కడే పోయినాడు. నూర్ అహ్మద్ కుడిచెయ్యి మణికట్టు కాడికి పోయింది. పోలీసులు వచ్చినారు, సొసైటీ ఎలక్షను ఆగిపోయింది, రెండు పార్టీల పెద్దలూ కూర్చుని ఏదో రాజీ చేసుకున్నారంట. నా మీద పగ పట్టడానికి కూడా పెద్దాయనకు ఇప్పుడు తీరిక లేదు.

వారం కిందట మాపటేళ బస్సు దిగి ఒక మనిషి మా దొడ్డి కాడికి నడిచి వచ్చినాడు. భుజాన తువ్వాలు కప్పుకుని ఉన్నాడు. దగ్గరకొచ్చేదాకా గుర్తుపట్టలేదు. నూర్ అహ్మద్. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ పెద్దాయన మనిషి వచ్చి చూసినాడంట. తిరిగి వచ్చినాక జీపుకు వేరే డ్రైవరు ఉన్నాడు.

"ఒంటిచేత్తో జీపు తోలలేనన్నా. గొర్రెలు తోలొచ్చునేమో అని వచ్చినా" అన్నాడు.

ఆ జీపు నీ గడప దాకా తోలింది కూడా అతనే కదా. మీ అక్క అతని వైపు చూసింది, చేతి వైపు చూసింది, లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. "నన్ను పంపెయ్యమని చెప్పింది నువ్వే గదా. కూర్చో" అంది. అప్పటి నుంచి మాతోనే ఉన్నాడు. అన్నం ఎడమచేత్తో తినడానికి మొదట్లో సిగ్గుపడినాడు, ఇప్పుడు తింటున్నాడు. కుక్కలు అతని మాట వింటున్నాయి.

నిన్న వాన వెలిసినాక ముగ్గురమూ దొడ్డి కాడ కూర్చున్నాము. నీ ఉత్తరం మళ్లీ చదివినాను, ఆ తుంపర సంగతి. నూర్ అహ్మద్ కోలారులో నీ దగ్గర విన్నాడు కదా, నాకంటే అతనికే బాగా పట్టింది. "ఇప్పుడు కూడా వస్తాండాయా అన్నా?" అని అడిగినాడు.

"వస్తాండాయంట. ఎప్పుడూ వస్తానే ఉంటాయంట" అన్నాను.

"అన్ని చుక్కలు పేలి, ఆ పేలినవన్నీ మన ఒంట్లో నుంచి పోతాండాయా?"

"పోతాండాయంట."

తువ్వాలు కింద ఉన్న చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కాసేపు దాన్నే చూసుకున్నాడు.

"మనకేం చెయ్యవా?"

"ఏమీ చెయ్యవని గంగులు రాసినాడు."

"అయితే రానీలే" అన్నాడు.

బాలన్న